కోలాటమాడిన తప్పుబోధ

ఆ రోజుల్లో దేవుడి గురించి మాట్లాడటం చాలా తేలిక పని అనుకునేవాణ్ణి. వయసు పెరిగేకొద్దీ మనిషికి దేవుడి గురించి తెలిసింది తలమీది జుట్టులా పలచబడుతూ వస్తుందని ఎవరైనా చెప్పినా అప్పట్లో నమ్మేవాణ్ణి కాను. అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, బియ్యం దొరకదు, బస్సులకు పెట్రోలు లేక వెనకాల పెద్ద పీపాలాంటిది తగిలించి బొగ్గు మంటతో నడిపేవాళ్లు. దేనికి కరువు ఉన్నా నా దగ్గర మాటలకు మాత్రం కరువు లేదు. టీచరు ట్రైనింగు ముగించుకుని పుంగనూరికి అవతల ఒక మెట్టపల్లెలో క్రైస్తవ సంఘానికి టెంపరవరీ ఉపదేశిగా చేరాను. వారమంతా పిల్లలకు చదువు, ఆదివారం పెద్దలకు వాక్యం. బడీ గుడీ రెండూ ఒకే మట్టిగది. శనివారం సాయంత్రం ఎక్కాలు రాసిన పలకను గోడవైపు తిప్పితే బడి కాస్తా గుడి అయిపోయేది. ఊళ్లో నన్ను అందరూ 'అయివారు' అనేవాళ్లు. ఆ పిలుపు వినగానే నాకు వెన్ను కొంచెం నిటారుగా అయ్యేది.

ఈ 'టెంపరవరీ' అన్న మాట దగ్గరే నా ప్రాణం అంతా ఉండేది. మదనపల్లెలో మా అమ్మకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన ఆస్పత్రిలో కాంపౌండరు. సంఘంలో పెద్ద కూడా. ఆయన కూతురు గుడిలో పాటల జట్టులో పాడేది. ఒకసారి పాటల పుస్తకం పైనుంచి నా వైపు చూసింది. (దోమను చూసి ఉండవచ్చునని మా అమ్మ అన్నది. నేను ఒప్పుకోలేదు.) ఆ ఒక్క చూపు మీద చాలాకాలం బతికాను. మా అమ్మ ధైర్యం చేసి పిల్లను అడిగితే, కాంపౌండరు మామ సీసాలో మందు కొలిచినంత నిదానంగా జవాబు చెప్పాడు. "నీ కొడుకు టెంపరవరీ కదక్కా. టెంపరవరీ వానికి నా కూతుర్ని పర్మనెంటుగా ఎట్లిచ్చేది? పరీక్ష పాసై పక్కా ఉపదేశి కానీ, అప్పుడు సూస్తాం." ఆ ఏడాదే కుప్పంలో ముసలి ఉపదేశి పని చాలించుకుంటున్నాడు. అక్కడ పెంకుటిల్లు, రైలు స్టేషను, పక్కా ఉద్యోగం. పరీక్ష గట్టెక్కితే కుప్పం నాది, కుప్పం నాదైతే పిల్ల నాది. లెక్క ఇంత సూటిగా ఉండటమే నన్ను భయపెట్టేది. ఇంత సూటిగా ఉన్నవి నా బతుకులో ఎప్పుడూ కుదరలేదు.

ఇక అసలు కథ. ఆ పల్లెలో కోలాటం గురువు ఒక తాత ఉండేవాడు. ఊరంతటికీ అడుగులు నేర్పినవాడు కాబట్టి ఆయన్ను 'అడుగుల తాత' అనేవాళ్లు. గొర్రెలు కాసుకుంటూ కూడా ఆయన కాళ్లు ఊరికే ఉండేవి కావు. చేరిన కొత్తలో ఒక ఆదివారం నేను త్రిత్వం గురించి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే సంగతి, ఉత్సాహంగా చెబుతుంటే ఆయన మధ్యలో లేచాడు.

"అయివారూ, ముగ్గురా ఒకడా, తేల్చి చెప్పప్పా. ముగ్గురైతే మా పాత దేవుళ్లు ఏం తప్పు చేసినారు? ఒకడైతే మూడు పేర్లు యాల?"

ఇరవై రెండేళ్లవాణ్ణి, ట్రైనింగు పాసైనవాణ్ణి, తెలియదని ఎలా చెప్పను? కిటికీలోంచి చూస్తే ఊరి రెడ్డి చేనిగట్టు మీద పోతున్నాడు. వెంటనే తోచింది. "తాతా, ఆ రెడ్డిని చూడు. ఇంట్లో పిల్లలకు నాయన. కచ్చేరికాడ కూర్చుంటే రెడ్డి. మడిలో దిగితే సేద్యగాడు. మనిషి ఒకడే కదా! దేవుడూ అంతే" అన్నాను. గది మొత్తం 'ఆ...' అన్నది. ఏడాదికొకసారి కూడా ఆ శబ్దం వినని ఉపదేశులు ఉంటారు. తాత కళ్లు మూసుకుని కాలితో తాళం వేస్తూ కూర్చున్నాడు. మరుసటి ఆదివారానికి అది పాటయింది:

"ఇంటికాడ నాయన, కచ్చేరికాడ రెడ్డి,
మడికాడ సేద్యగాడు, మనిసొకడే సూడు!
పైనుంటే తండ్రి, కిందికొస్తే కొడుకు,
గుండెలోకి వస్తే ఆత్మ, దేవుడొకడే సూడు!"

'సూడు' దగ్గర కట్టెలు టకీమని తగిలేవి. పిల్లలు, ముసలివాళ్లు, పాలు పితికే ఆడవాళ్లు, అందరూ పాడారు. పశువులు తోలుకుని పుంగనూరు సంతకు పోయినవాళ్లు అక్కడ పాడారు. నేను మా అమ్మకు గొప్పగా చెప్పుకున్నాను. మా అమ్మ కాంపౌండరు మామకు చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో దేవుడు నా పక్షాన ఉన్నాడని తర్వాత తెలిసింది.

ఎండాకాలం సెలవుల్లో పరీక్షకు ముందు ఉపదేశులందరికీ మదనపల్లెలో క్లాసులు పెట్టారు. చెప్పేది మా పెద్ద పాస్టరు. ఆయన్ను మేము చాటున 'నీకయ అయ్యగారు' అనుకునేవాళ్లం. పూర్వం నీకయ అనే పట్నంలో బిషప్పులంతా కూడి విశ్వాస ప్రమాణాన్ని తేల్చారు కదా, ఈయన ప్రసంగం పెళ్లిదైనా, సమాధిదైనా, కొత్త బావికి ప్రార్థన చేసేదైనా, మదనపల్లెలో బయల్దేరి నీకయ చేరాల్సిందే. సన్నటి మనిషి, లావుపాటి కళ్లద్దాలు. తప్పుబోధ అంటే ఆయనకు, బియ్యంలో రాయి ఏరే ఆడవాళ్లకున్నంత చూపు. ఆయన మాకు చెప్పింది ఆది సంఘపు రచయితల గురించి. వాళ్ల పేర్లు మా నోళ్లకు తిరగక సొంత పేర్లు పెట్టుకున్నాం. ఆఫ్రికా నుంచి రాసినవాడు వాదించే పద్ధతి చూసి 'లాయరు తాత' అన్నాం. తన మాట మీద నిలబడి పదేపదే దేశం నుంచి వెళ్లగొట్టించుకున్నవాడు 'వలస తాత'. కుమారుడు లేని కాలం ఒకటుండేదని చెప్పి గొడవ లేపినవాడు 'పాటలాయన'.

మూడో పాఠమో నాలుగో పాఠమో గుర్తులేదు. కిటికీ బయట ఎవరో మామిడికాయలు అమ్ముతున్నారు. నా మనసు సగం మామిడికాయల మీద ఉంది. అయ్యగారు లాయరు తాత గురించి చెబుతున్నారు. "ఆ కాలంలో కొందరు ఏమి చెప్పినారంటే, దేవుడు ఒక్కడే, ఒకప్పుడు తండ్రి వేషం, ఒకప్పుడు కొడుకు వేషం, ఒకప్పుడు ఆత్మ వేషం అని. వినేదానికి శానా బాగుంటుంది. లాయరు తాత దాని పీక పట్టుకున్నాడు. అట్లయితే సిలువ మీద చనిపోయింది తండ్రే అవుతాడు కదా, మరి కొడుకు ఎవరికి ప్రార్థన చేసినాడు, తనకు తానే చేసుకున్నాడా అని అడిగినాడు. సంఘం ఆ బోధను తీసి పారేసింది. ఇది తప్పుబోధల్లో మొదటి వరసలోది." (మేము పెట్టిన పేర్లు ఆయనకు ఎలా తెలిశాయో ఈనాటికీ తెలియదు.)

నాకు మామిడికాయలు మాయమయ్యాయి. చెవుల్లో టకీ టకీమని కోలాటం కట్టెలు వినపడటం మొదలుపెట్టాయి. ఇంటికాడ నాయన, కచ్చేరికాడ రెడ్డి. లాయరు తాత వందల ఏళ్ల కిందట పీక నొక్కి చంపిన దాన్ని నేను పుంగనూరు దగ్గర బతికించి, కాళ్లకు గజ్జెలు కట్టి ఆడిస్తున్నాను. అది చాలదన్నట్టు అయ్యగారు పాటలాయన దగ్గరికి వచ్చారు. "ఆయన తన తప్పుబోధను పుస్తకాల్లో కంటే పాటల్లో ఎక్కువ చెప్పినాడు. ఓడవాళ్లు పాడినారు, తిరగలి విసిరేవాళ్లు పాడినారు, దారిన పోయేవాళ్లు పాడినారు. పాటలోకి దూరిన తప్పుబోధను ఏ సభా తీసేయలేదప్పా" అన్నారు. పక్కనున్న ఉపదేశి నా మొహం చూసి, "నీళ్లు తాగుతావా?" అని అడిగాడు. నాకు కావలసింది నీళ్లు కాదు, భూమి చీలడం.

క్లాసుల ఆఖరి రోజు అయ్యగారు ఇంకో మాట చెప్పారు. ఈసారి పరీక్ష మదనపల్లె హాల్లో ఉండదట. గురువు ఏం నేర్చాడో శిష్యుల నోట వింటే తెలుస్తుంది కాబట్టి కమిటీయే ఒక్కొక్కరి పల్లెకు వచ్చి సంఘస్థులను ప్రశ్నలు అడుగుతుందట. మొదట పుంగనూరు వైపు. కమిటీ అంటే అయ్యగారు, ఇంకా సంఘపెద్ద హోదాలో మా కాంపౌండరు మామ. మామ నా భుజం తట్టి, "బాగా సేసినావని విన్యాను, నేనే వచ్చి సూస్తా" అన్నాడు. ఆ తట్టిన చోట చాలా సేపు చల్లగా ఉండిపోయింది.

పల్లెకు తిరిగి వచ్చి ముందు చేసిన పని ప్రార్థన. తండ్రికి ఒకసారి, కుమారునికి ఒకసారి, పరిశుద్ధాత్మకు ఒకసారి, విడివిడిగా చేశాను, ఎవరి మనసు నొచ్చిందో తెలియదు కాబట్టి. (అలా ముగ్గురిని విడదీయడం ఇంకో రకం తప్పుబోధ అని సగంలో గుర్తొచ్చి, లేచి కూర్చుని, ముగ్గురికీ కలిపి క్షమాపణ చెప్పుకున్నాను.) రెండో పని, అడుగుల తాతను పిలిచి పాట మానేయమన్నాను.

"యాల?" అన్నాడు తాత.

"అది తప్పు తాతా."

"నువ్వే కదా చెప్పింది."

"నేను చెప్పిందే తప్పు."

తాత చాలాసేపు నా వైపు జాలిగా చూశాడు. "పాట నోట్లో ఉంటే ఉమ్మేయొచ్చు అయివారూ. కాళ్లల్లోకి దిగినాక యాడ తీసేది?"

అయినా నేను వదలలేదు. కొత్త పాట కట్టాను. విశ్వాస ప్రమాణంలోని మాటలే తీసుకున్నాను, ఎవరూ వేలెత్తి చూపకుండా. 'జనితుడే గాని సృజింపబడినవాడు కాడు.' కుమారుడు తండ్రికి పుట్టినవాడే గాని చేయబడినవాడు కాడని అర్థం. చదవడానికి గంభీరంగా ఉంది. కోలాటానికి వేస్తే మాత్రం 'సృజింపబడిన' దగ్గరికి వచ్చేసరికి ఎవరి కట్టె ఎక్కడ తగలాలో తెలియక ఊరు ఊరంతా ఒకరినొకరు కొట్టుకున్నారు. గుడిగంట కొట్టే అవ్వ ఒకామె ఉండేది, గంటవ్వ అనేవాళ్లం. ఆమె బొటనవేలు వాచింది. వేలికి పసుపు పూసుకుంటూ, "ఈ సృజింపబడిన కాడ రోజుకొకరి ఏలు పోతాది అయివారూ. పాత పాటలో ఒక్క ఏలన్నా పోయిందా?" అని అడిగింది. తప్పుబోధ అంత సాఫీగా సాగుతుందేమి, సరైన బోధకు వేళ్లు వాస్తాయేమి అని నేను ఆ దినాల్లో నిజంగా దిగులుపడ్డాను. తిండి సయించలేదు. రాగిసంగటి ముద్ద చేతిలో పట్టుకుని, పిండి, నూక, నీళ్లు మూడూ కలిస్తే ముద్ద ఒకటే కదా, ఇది పనికొస్తుందా అని ఆలోచించేవాణ్ణి. లేదు, అలా చెబితే ఒక్కొక్కరు మూడోవంతు దేవుడవుతారు. అది కూడా తప్పుబోధే. పొయ్యికి మూడు రాళ్లు అందామా? ముగ్గురు దేవుళ్లవుతారు. చుట్టూ ఏ వస్తువు చూసినా తప్పుబోధగానే కనిపించేది. చివరికి ఊరందరినీ కూర్చోబెట్టి ఒట్టు వేయించుకున్నాను. కమిటీ వచ్చిన రోజు కోలాటం వద్దు, విశ్వాస ప్రమాణం మాత్రం అందరూ కలిసి చదవండి, ఎవరేమడిగినా తల ఊపండి. కోలాటం కట్టెలన్నీ మోపుకట్టి బడి అటక మీద పడేశాను. అందరూ సరేనన్నారు. ఇంత తొందరగా సరేనన్నందుకే నాకు అనుమానం రావలసింది.

కమిటీ వచ్చే రోజు ఉదయం నుంచి ఊరి బయట రోడ్డు మీద నిలబడ్డాను. మదనపల్లె నుంచి బొగ్గు బస్సులో పుంగనూరు దాకా వచ్చి, అక్కడ జట్కా మాట్లాడుకుని రావాలి. బస్సు మిట్ట ఎక్కక నిలిచిపోవాలని ఒకసారి, (అయ్యగారికి ఇబ్బంది కదా అని) నిలిచిపోకూడదని ఒకసారి మొక్కుకున్నాను. ఎండ ముదిరింది. దూరంగా మలుపు అవతల గుర్రం గజ్జెల చప్పుడు వినబడింది. దాంతోపాటు ఒక గొంతు. జట్కా ఇంకా కనపడలేదు, గొంతు మాత్రం గట్టిగా, హుషారుగా వస్తోంది.

"ఇంటికాడ నాయన, కచ్చేరికాడ రెడ్డీ..."

పుంగనూరు జట్కా సాయిబు. సంతలో మావాళ్లు పాడగా నేర్చుకున్నాడు. మలుపు తిరిగి జట్కా కనబడేసరికి సాయిబు 'దేవుడొకడే సూడు' దగ్గర చెర్నాకోల తిప్పుతున్నాడు. వెనకాల అయ్యగారు, మామ. ఇద్దరి మొహాలూ బస్సు బొగ్గు మసితో నల్లగా ఉన్నాయి, కాబట్టి ఎవరికి ఎంత కోపమో తెలియడానికి వీల్లేదు. సాయిబు నన్ను చూసి సలాం చేసి, "అయివారూ, మీ పాట బహుత్ అచ్ఛా ఉండాది. ఒకడే అంటాండారు కదా, మేమూ అదే అంటాము. ఇన్నాళ్లు మీది వేరే అనుకుంటి!" అన్నాడు.

అయ్యగారు జట్కా దిగి, కళ్లద్దాలు తుడుచుకుని, "త్రిత్వం మీద నీ పాటను సాయిబు ఒప్పుకున్నాడంటే, అందులో త్రిత్వం ఎంత ఉందో చూడాల్సిందే" అన్నారు. మామ దిగి చొక్కా మీది దుమ్ము దులుపుకున్నాడు. నా వైపు మాత్రం చూడలేదు. ఆ క్షణంలో కుప్పం రైలు ఒకటి నన్ను ఎక్కించుకోకుండా కూతవేసుకుంటూ పోయినట్టయింది.

గుడి ముందుకు వచ్చాం. ఊరు మొత్తం తెల్లబట్టలు కట్టుకుని వరసగా నిలబడి ఉంది. ప్రతి ఒక్కరి చేతిలో కట్టెలు. నా అటక మీదివి కావు, పచ్చివి, అప్పుడే కొట్టి తెచ్చి చెక్కినవి. ఒట్టు వేసిన అడుగుల తాత ముందు నిలబడి ఉన్నాడు. నేను పరుగున పోయి, "తాతా, ఏం పని ఇది, వద్దన్నాను కదా" అన్నాను. తాత నా చెయ్యి పట్టుకుని గుసగుసగా, "నీకేం తెల్దు, ఊరుకో. ఉత్త సదువు సదివితే పిల్లనెవురిస్తారు? మా ఆట సూస్తే కాంపౌండరు రేపే ముహూర్తం పెడతాడు" అన్నాడు. నా పెళ్లి సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదనుకున్నాను. అందరికీ తెలుసు. వాళ్లకు త్రిత్వంతో పని లేదు, వాళ్ల అయివారికి పెళ్లి కావాలి. అంత ప్రేమ చూపినవాళ్లను ఆ క్షణంలో అంతగా తిట్టుకున్నవాడు ఆ తాలూకాలో ఇంకొకడు ఉండడు.

మొదట కొత్త పాటతోనే మొదలుపెట్టారు పాపం, నా మాట పూర్తిగా తీసెయ్యకూడదని. 'జనితుడే గాని' వరకు బాగానే ఉంది. 'సృజింపబడిన' దగ్గర గంటవ్వ కట్టె ఎగిరి మామ ఒళ్లో పడింది. వరస చెదిరింది. తాత "ఛీ, ఇది మన పని కాదు" అని పెద్దగా ఒక అడుగు కొట్టాడు. అంతే, కాళ్లు వాటికవే పాత దారిలోకి పోయాయి. ఇంటికాడ నాయన, కచ్చేరికాడ రెడ్డి. ఎంత అందంగా ఆడారో చెప్పలేను. దుమ్ము లేచింది. జట్కా సాయిబు కూడా చెర్నాకోల చంకన పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. నేను గోడకు ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాను.

ఆట ఆగింది. అయ్యగారు లేచారు. "ఇది ఎవరు నేర్పినారు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపలే తాత, "మేమే కట్టుకున్యాము సామీ, అయివారు వద్దనే చెప్పినాడు" అన్నాడు. అయ్యగారు నా వైపు ఒక చూపు చూసి, మళ్లీ తాత వైపు తిరిగి అడిగారు. "సరే. సిలువ మీద చనిపోయింది ఎవరు?"

"ఇంకెవురు సామీ, పెద్దాయనే. కొడుకు ఏసంలో."

నేను కళ్లు మూసుకున్నాను. ఇంతలో గంటవ్వ వాచిన వేలు చూపిస్తూ ముందుకు వచ్చింది. "ఆ ముసిలాయనకు తెల్దు సామీ. సచ్చింది కొడుకే. నాయన పైన ఉండాడు. ఎంతైనా నాయన నాయనే, ముందు ఆయనొక్కడే ఉండె, కొడుకు ఎనకాల పుట్టినాడు. ఇద్దరూ సమానం ఎట్లయితారు?" వెనక నుంచి ఎనుములు కాచే పెద్దాయన ఒకడు అడ్డుపడ్డాడు. "మీ ఇద్దరికీ తెల్దు. దేవునికి యాడన్నా మేకు దిగుతాదా? మేకు దిగింది ఉత్త ఒంటికి. దేవుడు ముందే దిగి ఎళ్లిపోయినాడు." ముగ్గురూ ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మొదలుపెట్టారు. నేర్పిన తల ఊపడం ఒక్కరికీ గుర్తు లేదు.

నేను అయ్యగారి మొహం చూడటానికి ధైర్యం చేశాను. ఆయన కళ్లద్దాలు తీసేశారు. కళ్లలో నీళ్లు. మొదట కోపం అనుకున్నాను. కాదు. సంతోషం! "కాంపౌండరూ, చూడు! ఈయనది లాయరు తాత కొట్టేసిన బోధ. ఈ అవ్వది అచ్చంగా పాటలాయనది. ఆ ఎనుములాయనది వాళ్లిద్దరి కంటే పాతది. ముప్పై ఏండ్లుగా పుస్తకాల్లో చదివి చదివి, వీళ్లంతా ఎప్పుడో చచ్చిపోయినారనుకుంటి. బతికే ఉండారప్పా! పుంగనూరులో ఉండారు!" అంటూ చిన్నపిల్లవాడిలా ముగ్గురి మధ్యా తిరిగారు. అపురూపమైన రోగం దొరికిన డాక్టరు అలాగే సంబరపడతాడు, రోగి సంగతి మరిచిపోయి. తాతతో వాదించారు, గంటవ్వతో వాదించారు. వాళ్లూ తగ్గలేదు.

ఆయన సంతోషం చూసి నాకు కాస్త ఊపిరి వచ్చింది. మామకు మాత్రం చిరాకు వచ్చింది. ఒళ్లో కట్టె పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "ఇంత తేలిక సంగతికి ఇంత రచ్చ ఎందుకు అయ్యగారూ? వీనికి చెప్పేది రాక ఇదంతా. ఇదిగో వినండప్పా. ఆస్పత్రిలో నేను రోజూ సూస్తాను. నీళ్లు ఉండాయి. గడ్డకడితే ఐసు. కాగితే ఆవిరి. మూడు రూపాలు, నీళ్లు ఒకటే. అయిపాయె! త్రిత్వం అంటే ఇంతే."

జనం 'ఆ...' అన్నారు. అయ్యగారు మెల్లగా ఆయన వైపు తిరిగారు. తర్వాత చాలా మెత్తగా, "కాంపౌండరూ, ఇది ఆ పాటే కదప్పా. అడుగులు లేవు, అంతే" అన్నారు.

మామ మొహం మీద బొగ్గు మసి ఉన్నా, దాని కింద రంగు మారడం నేను చూశాను. పదిహేనేళ్లుగా సంఘపెద్ద. ప్రతి త్రిత్వపు ఆదివారం ఆస్పత్రిలో రోగులకు ఆ ఆవిరి ముచ్చటే చెబుతున్నాడట. నాకు ఎక్కడ లేని భయం తిరిగి పట్టుకుంది. నా తప్పు బయటపడటం ఒక ఎత్తు, మామగారు కావలసినవాడి తప్పు నా ఊళ్లో, నా ఎదురుగా బయటపడటం ఇంకో ఎత్తు. ఇక పిల్లను ఇస్తాడా?

అయ్యగారి తీర్పు చెట్టు నీడలో మజ్జిగ తాగాక వచ్చింది. "కుప్పం ఈసారి లేదు. ఇంకో ఏడాది ఈడనే ఉండు. నేను నెలనెలా వస్తాను. ఈ ముగ్గురినీ నేను చూసుకుంటాను. నువ్వు పోలికలు చెప్పడం మాను." నేను తల ఊపాను. ఆ రోజు ఊళ్లో ఒట్టు ప్రకారం తల ఊపింది నేనొక్కణ్ణే. అయ్యగారు జట్కా ఎక్కారు. మామ ఎక్కలేదు. నన్ను గుడి వెనక్కి రమ్మని సైగ చేశాడు. ఉరికంబం దగ్గరికి పోయినట్టు పోయాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ ఆవిరి సంగతి మదనపల్లెలో ఎవురికన్నా చెప్తావా?"

"చెప్పను మామా."

"మీ అమ్మకు?"

"ఎవ్వరికీ చెప్పను."

మామ గట్టిగా ఊపిరి వదిలాడు. "ఈ గుట్టు బయటోని కాడ ఉండేదానికంటే ఇంట్లోవాని కాడ ఉంటేనే మేలు" అన్నాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. తర్వాత నా వైపు చూసి, "మీ అమ్మను ఒకసారి రమ్మను. మంచి దినం సూసుకుందాం" అన్నాడు. ఆ విధంగా టెంపరవరీ వాడికే పిల్లనిచ్చాడు. మావాళ్లలో జాతకాలు చూడరు. చూసి ఉంటే ఏం తేలేదో తెలియదు గానీ, మా మామవీ నావీ తప్పుబోధలు మాత్రం బ్రహ్మాండంగా కలిశాయి. ఊళ్లో అందరూ అది కోలాటం గొప్ప అనే నమ్మారు. నేను కాదనలేదు. (మామకు ఇచ్చిన మాట ఆయన బతికున్నన్నాళ్లు నిలబెట్టుకున్నాను. మా ఆవిడకు మాత్రం చెప్పకుండానే తెలిసింది. ఐసు అనే మాట వచ్చినప్పుడల్లా వాళ్ల నాన్న గది వదిలి పోవడం ఆమె గమనించింది.)

మరుసటి ఏడాది కుప్పం నాకే ఇస్తామన్నారు. ముందు అక్కడి గుడిలో త్రిత్వపు ఆదివారం ప్రసంగం చెయ్యాలి, అదే నా పరీక్ష. ఏడాది పొడుగునా తయారయ్యాను. రెడ్డి లేడు, నీళ్లు లేవు, సంగటి లేదు. లాయరు తాత ఒప్పుకున్న మాటలు, వలస తాత దేశాలు పట్టి తిరిగి కాపాడిన మాటలు, సభ తేల్చిన మాటలు, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, చెమటలు కారుస్తూ, చేతులు బల్లకు ఆనించి చెప్పాను. ఒక్క పోలిక చెప్పలేదు. ఆమెన్ అనేసరికి ముందు వరసలోని స్టేషను పోర్టరు ఉలిక్కిపడి లేచి, బండి వచ్చిందేమోనని తలుపు వైపు చూశాడు. మా ఆవిడ ఆవలింత ఆపుకోవడానికి పాటల పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుంది. నీకయ అయ్యగారు నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క తప్పు లేదప్పా. పాస్" అన్నారు. చెయ్యి వదలలేదు. దిగులుగా, "ఒక్కరికీ అర్థం కూడా కాలేదు" అన్నారు.

ఆ తర్వాత నలభై ఏళ్లు ఉపదేశం చేశాను. అన్నీ సరిగ్గానే చెప్పాను. త్రిత్వం గురించి నన్ను ఎవరూ ఎదురు ప్రశ్న అడగలేదు. అందరూ మర్యాదగా విని, మర్యాదగా ఇళ్లకు పోయారు. ఇప్పుడు కుప్పంలో ఆ పెంకుటింటి అరుగు మీద కూర్చుని ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే నవ్వు వస్తుంది. తాను ఒక్క మాట తప్పు చెబితే దేవుడు పడిపోయి దెబ్బ తగిలించుకుంటాడని వణికిపోయాడు పాపం. వణుకుతూనే ఏదో ఒకటి చెప్పేవాడు. చెప్పాక జనం ఇంటికి పోయేవాళ్లు కాదు. సంగటి పొయ్యి మీద మాడుతున్నా గుడి వాకిట్లో నిలబడి ఒకరితో ఒకరు గొడవ పడి, మళ్లీ వాడి దగ్గరికే వచ్చి, "ఇంకోసారి చెప్పు అయివారూ" అని అడిగేవాళ్లు. ఒక్కోసారి వాణ్ణి చూస్తే నాకు అసూయగా ఉంటుంది.